కాలువ పక్కన డేకేర్

నిన్న మా బుడ్డోడి కోసం భీమవరంలో ఓ డేకేర్ చూసొచ్చాను. గుమ్మంలోనే లైసెన్సు, ఫ్రేమ్ కట్టించి దేవుడి పటం పక్కన పెట్టారు. సగం టెన్షన్ అక్కడే పోయింది. పోయిందంతా లోపలికెళ్లాక రెండింతలై వచ్చిందనుకోండి.

చట్టం ప్రకారం 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలి. మా ఆఫీసులో మేం పన్నెండు మందిమే. 26 వారాల ప్రసూతి సెలవూ అయిపోయింది, వెతుక్కోక తప్పదు.

ఫోన్ చెయ్యకుండా భోజనాల వేళ వెళ్లాను. నేల శుభ్రంగా ఉంది, కెమెరాలున్నాయి. బాత్రూంలో మాత్రం పిల్లాడి చేతికందే ఎత్తులో, కూల్‌డ్రింక్ సీసాలో ఫినాయిల్! "ఎంతమంది పిల్లలమ్మా?" అని ఆయాని అడిగితే, "పద్నాలుగు మందండి. ఇంకో ఆవిడ అన్నానికెళ్లారు, ఇప్పుడు నేనొక్కదాన్నేనండి" అంది. పాపం, చంకలో ఏడుస్తున్న పిల్ల, రెండో చేత్తో పప్పన్నం కలుపుతోంది. ఆవిణ్ణేమంటాం.

పెరటి గేటుకి గడియ లేదు, చీర పీలికతో కట్టారు. నాలుగడుగులు వేస్తే కాలువ. "ఎండిపోయే ఉంది కదండీ" అన్నారు ఓనరు గారు. మే నెల కదా, కాలువలు కట్టేశారు. జూన్‌లో నీళ్లు వదులుతారని డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పాలా? ఆ లైసెన్సు మీద సంతకం పెట్టినాయన కూడా ఎండాకాలంలోనే వచ్చుంటాడు.

మా అత్తయ్యగారైతే "నా మోకాళ్లు బాగుంటే మీకీ తిప్పలుండేవా" అని ఒకటే బాధ.

ఇవాళ ఓనరు గారు ఫోన్ చేశారు, గడియ పెట్టించారట. ఫినాయిల్ సంగతి అడగడం మర్చిపోయాను.