చిరునామా మర్చిపోయిన పోస్టమ్మ

పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా. డాక్టరుగారు మూడుసార్లు చెప్పించారు. మూడుసార్లూ తప్పు లేకుండా అప్పజెప్పాను. తర్వాత గడియారం బొమ్మ గీయమన్నారు, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు వస్తే అన్ని చెప్పమన్నారు, వందలోంచి ఏడేడు తీసేసుకుంటూ రమ్మన్నారు. అది చకచకా చేసేశాను, కౌంటర్లో చిల్లర లెక్కపెట్టిన చెయ్యి కదా. ఆఖర్న, "ఇందాకటి చిరునామా ఒకసారి చెప్పండమ్మా" అన్నారు.

ఊరి పేరొక్కటే వచ్చింది.

తెనాలి పోస్టాఫీసులో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. పాస్‌బుక్కు తెరవకుండానే ఆర్డీ ఖాతా నంబర్లు చెప్పేదాన్ని. బయటికొచ్చి కార్లో కూర్చున్నాక ఏడుపొచ్చేసింది. మా అక్కకు అల్జీమర్స్. ఎలా మొదలైందో కళ్లారా చూశాను.

మా ఆయన పోయిన ఏడాదికి అబ్బాయి నన్ను హైదరాబాద్ తీసుకొచ్చాడు. తొమ్మిదో అంతస్తు. కొడుకూ కోడలూ మంచివాళ్లే, కానీ పొద్దున వెళ్తే రాత్రికి వస్తారు. తెనాలిలో పాలమనిషి, పూలమ్మి, పక్కింటివాళ్లు, రోజుకు ఇరవై మందైనా పలకరించేవాళ్లు. ఇక్కడ తలుపుకి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్టు పడుతుంది. వేసేదెవరో మూడేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

పప్పులో ఉప్పు రెండుసార్లు పడడం మొదలైంది. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో తెలియక మాడబెట్టాను. ఒకరోజు గరిటె అన్న మాట నోటికి రాక, "అదేనమ్మా, కూర కలిపేది" అన్నాను. మొదట చూపించిన చోట "ఈ వయసులో మామూలే" అన్నారు. ఆ మాట నమ్మి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం.

రెండో డాక్టరుగారి దగ్గర స్కానింగ్, రక్త పరీక్షలు, చెవి పరీక్ష అన్నీ అయ్యాయి. విటమిన్ బీ12 బాగా తక్కువ. రెండు చెవులకూ వినికిడి తగ్గింది. దానిపైన డిప్రెషన్. అల్జీమర్స్ అని ఇప్పుడే చెప్పలేం, ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. సరిగ్గా వినపడకపోతే మాట పోల్చుకోవడానికే మెదడు శ్రమంతా అయిపోతుందట, దాచుకోవడానికి మిగలదట. ఉత్తరం డబ్బాలోనే పడకపోతే బట్వాడా ఏం చేస్తాం!

ఆ రాత్రి అబ్బాయి 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన కమిషన్ నివేదిక చదివి వినిపించాడు. మనం మార్చుకోగలిగిన 14 కారణాలను సరిచేస్తే డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల కేసుల్లో దాదాపు 45 శాతం ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవ్వచ్చట. వినికిడి లోపం, డిప్రెషన్, మనుషులకు దూరం కావడం మూడూ అందులో ఉన్నాయి. మూడూ నాకూ ఉన్నాయి.

ఇంజెక్షన్లు, మాత్రలు సులువే. చెవి మిషన్‌తోనే యుద్ధం. పెట్టుకున్న మొదటివారం ప్లాస్టిక్ కవర్ నలిగినా చెవిలో రేకులు కొట్టినట్టుండేది. తీసి సొరుగులో పడేస్తే కోడలు పోట్లాడి మళ్లీ పెట్టించింది. రోజూ సాయంత్రం కిందికి దింపి బెంచీ మీద కూర్చోబెట్టేది. పది రోజులు బొమ్మలా కూర్చున్నాను.

ఒకరోజు పక్కనున్న భోపాల్ ఆవిడ, సీనియర్ సిటిజన్ సేవింగ్స్ ఫారం పట్టుకుని తికమకపడుతోంది. నామినీ గడి ఖాళీగా వదిలేసింది. నా ప్రాణం ఊరుకుంటుందా? ఎప్పుడో ప్రాథమిక, మధ్యమ పాసైన హిందీ దుమ్ము దులిపి దగ్గరుండి నింపించాను. వారం తిరిగేసరికి ఆ బెంచీ సబ్ పోస్టాఫీసైంది. ఫారాలు లేనిరోజు గవ్వలతో అష్టాచెమ్మా.

రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో రాశారని తర్వాత తెలిసింది. నా హిందీ ఆ లెక్కలోకి రాదనుకోండి, భోపాల్ ఆవిడ నవ్వుతూనే ఉంటుంది.

అలాగని కబుర్లాడితే అల్జీమర్స్ రాదనుకుంటే పొరపాటు. మా అక్క చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్లు. పైగా జబ్బు మొదలైతే మనిషే నలుగురికీ దూరమవుతాడు, ఏది ముందో తేల్చడం కష్టమని డాక్టరుగారే అన్నారు. అయితే షికాగోలో, చనిపోయాక మెదడు దానమిచ్చిన పెద్దవాళ్లను పరిశీలించి 2006లో ఒక సంగతి రాశారు. మెదడులో జబ్బు గుర్తులు ఒకే స్థాయిలో ఉన్నా, దగ్గరివాళ్లు ఎక్కువమంది ఉన్నవాళ్లు బతికుండగా పరీక్షల్లో మెరుగ్గా చేశారట. అంటే జబ్బు తగ్గిందని కాదు, దాన్ని తట్టుకున్నారని.

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష పెట్టారు. చిరునామాలోని ఏడు మాటల్లో అయిదు చెప్పాను. "పిన్‌కోడ్ లేకుండా ఇదేం అడ్రసు డాక్టరుగారూ" అన్నాను కూడా. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోమన్నారు.

సాయంత్రం ఆరింటికి అక్కకు ఫోన్ చేస్తాను. ఇదివరకు ఏం మాట్లాడాలో తెలియక మానేశాను. "ఎవరూ?" అంటుంది ప్రతిసారీ. "పోస్టమ్మని" అంటాను.

"నాకేమైనా వచ్చిందా?" అంటుంది.

ఆ పూట ఇంట్లో ఏం వండామో, కింద ఎవరు గెలిచారో చదువుతున్నట్టు చెప్తాను.