బోయిన్ ఒడ్డున మచ్చల రొట్టె

టీ నల్లగా, చిక్కగా దిగింది. పక్కింటి పెద్దావిడ అందులో పాలు పొయ్యలేదు. పక్కనే పెద్ద పింగాణీ గిన్నెలో నల్ల ఎండుద్రాక్ష, కిస్మిస్, పాకంలో ఊరబెట్టిన నారింజ తొక్కల ముక్కలు కలిపి ఉంచింది. పొగలు కక్కుతున్న టీనంతా వాటి మీద ఒంపేసి, పైన ఒక పళ్లెం మూత పెట్టి, "రేపటిదాకా దీని జోలికి వెళ్లకూడదు. తొందరపడితే రొట్టె పొడిపొడిగా వస్తుంది" అంది.

అది 2024 అక్టోబరు 29, మంగళవారం. ఐర్లండ్‌లో మీత్ కౌంటీలోని ట్రిమ్ అనే చిన్న ఊరు. డబ్లిన్ నుంచి కారులో గంట ప్రయాణం. ఊరి నడుమ బోయిన్ నది, ఒడ్డున 12వ శతాబ్దంలో మొదలుపెట్టి కట్టిన రాతికోట. మా అమ్మాయి, అల్లుడు అక్కడే ఉంటారు. మనవరాలికి ఏడేళ్లు. దీపావళికి వాళ్ల దగ్గరుందామని నేను రాజమండ్రి నుంచి వెళ్లాను. ఆ ఏడు దీపావళీ, పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగే వాళ్ల హాలోవీనూ ఒకే రోజు పడ్డాయి. అక్టోబరు 31, గురువారం. మనవరాలు చెప్పేదాకా నాకా సంగతి తట్టలేదు.

పక్కింట్లో ఉండే పెద్దావిడకు 78 ఏళ్లు. భర్త పోయి చాలాకాలమైంది. నేను వెళ్లిన రెండో రోజే సూపర్ మార్కెట్లో కలిసింది. అక్కడ తొక్కతో ఉన్న వేరుశనక్కాయలు గుట్టగా పోసి ఉంటే నేను కదలకుండా చూస్తున్నాను. ఆ చలిదేశంలో అవి పండవు కదా, ఇన్నెందుకు తెచ్చారో అనుకుంటున్నాను. హాలోవీన్‌కి పిల్లలకు పంచేది ఇవేనని ఆవిడే చెప్పింది. ఆ పక్క అరలోనే గుండ్రటి రొట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. పేరు బార్మ్‌బ్రాక్. "ఇది కొనకండి. మా ఇంటికి రండి, చేసి చూపిస్తాను" అంది. అలా మొదలైంది మా స్నేహం.

ఐరిష్ భాషలో దీన్ని బారీన్ బ్రాక్ అంటారు. బారీన్ అంటే రొట్టె, బ్రాక్ అంటే మచ్చలు మచ్చలుగా ఉన్నది. బోయిన్‌లో దొరికే ట్రౌట్ చేపకు కూడా ఐరిష్‌లో ఈ మాటే పేరు, దాని ఒంటినిండా చుక్కలుంటాయి కాబట్టి. బార్మ్ అన్న ముక్కకు ఇంకో అర్థం కూడా చెబుతారు. బీరు పులిసేటప్పుడు పైకి తేలే నురుగును ఇంగ్లిషులో బార్మ్ అంటారు. ఈస్టు పొట్లాల్లో దొరకని రోజుల్లో ఆ నురుగుతోనే పిండి పొంగించేవారు. బేకరీల్లో ఇప్పటికీ ఈస్టుతో చేసే బ్రాక్ ఉంది. అది బన్నులా మెత్తగా ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా చేసుకునేది మాత్రం టీ బ్రాక్. పిండి పిసకనక్కర్లేదు, పొంగేదాకా కాచుకు కూర్చోనక్కర్లేదు. చేయాల్సిందల్లా ఒక రాత్రి ఆగడమే.

పళ్లు నానుతున్నాయి కదాని మర్నాడు పొద్దున్నే మా అల్లుడు నన్ను, మనవరాలిని ఆత్‌బోయ్ దగ్గర వార్డ్ కొండకు తీసుకెళ్లాడు. పాత పేరు త్లాక్త్‌గా. కొండ అంటారు గానీ గట్టిగా చెప్పాలంటే పచ్చటి దిబ్బ. దాని మీద ఒకదానిలోపల ఒకటిగా నాలుగు వలయాల మట్టికట్టలు. 2014లో యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ వాళ్లు ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. పాతకాలంలో, హాలోవీన్‌కు మూలమని చెప్పే సౌవిన్ పండగనాడు ఇక్కడ పెద్ద మంట వేసేవారనీ, దేశంలోని పొయ్యిలన్నీ ఆర్పేసి ఆ నిప్పుతోనే మళ్లీ వెలిగించుకునేవారనీ చెప్పుకుంటారు. సౌవిన్ అంటే ఎండాకాలం వెళ్లి చలికాలం అడుగుపెట్టే వేళ. ఐరిష్‌లో నవంబరు నెల పేరు కూడా ఇదే. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపు తెరుచుకుంటుందనీ, పోయినవాళ్లు తమ ఇళ్లకు వచ్చి చూసి వెళతారనీ నమ్మకం.

గాలి చెవుల్ని కోసేస్తోంది. ఆ మట్టికట్ట మీద నిలబడి నేను మనవరాలికి గోగుకాడల దివిటీల గురించి చెప్పాను. నా చిన్నప్పుడు దీపావళి సాయంత్రం గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, వీధి గుమ్మంలో నేలకేసి కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని అరిచేవాళ్లం. తర్వాత కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినేవాళ్లం. ఆ వెలుగు పైనున్న పెద్దలకు దారి చూపించడానికని మా నాన్న చెప్పేవారు. "అయితే ఇక్కడా అదేనా అమ్మమ్మా?" అని అడిగింది. అదో కాదో చెప్పడానికి నేనెవరిని. ఆ కొండ మీద నాకు మా నాన్న గుర్తొచ్చిన మాట మాత్రం నిజం.

మధ్యాహ్నం ఆవిడ వంటగదికి చేరాం. మూత తీస్తే పళ్లన్నీ ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. టీ చాలావరకు లోపలికి ఇంకిపోయింది. ఐర్లండ్ వాళ్లు తాగే టీలో మన అస్సాం ఆకు కూడా కలుస్తుంది. ఆ బల్ల మీదున్న సరుకులన్నీ ఒక్కొక్కటే చూశాను. మైదా, గుడ్డు వాళ్లవి. ఎండుద్రాక్ష, నారింజ, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి ఏవీ ఆ నేల మీద పండవు. ఒకప్పుడు అన్నీ ఓడల్లోంచి దిగినవే. పాతరోజుల్లో మామూలు ఇళ్లలో ఈ రొట్టె పండగకు తప్ప ఎందుకు చేసేవారు కాదో ఆ బల్ల చూస్తేనే అర్థమైంది.

కొలతలు ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. పళ్లన్నీ కలిపి 375 గ్రాములు, టీ 300 మిల్లీలీటర్లు. బేకింగ్ పౌడర్ కలిపి ఉన్న మైదా 225 గ్రాములు, బ్రౌన్ షుగర్ 125 గ్రాములు, ఒక గుడ్డు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి కలిపిన పొడి అర చెంచా. వెన్న గానీ నూనె గానీ చుక్క కూడా లేదు. తన రొట్టెలో ఆవిడ రెండు చెంచాల విస్కీ పోసుకుంది. మాదాంట్లో వద్దన్నాను. గుడ్డు కూడా కార్తీకం వచ్చేలోపే సుమా, శనివారం నుంచి మా ఇంట్లో గుడ్డు తినం అని చెప్పాను. "అయితే శుక్రవారంకల్లా ఖాళీ చేసేయండి" అంది.

పిండిని ఎక్కువ కలపకూడదట. పొడి కనపడకుండా పోతే చాలు, అక్కడితో ఆపేయాలి. గరిటె నుంచి ముద్దగా జారాలి గానీ ధారకట్టకూడదు.

అప్పుడు ఆవిడ సొరుగు లాగి ఒక పాత బిస్కెట్ల డబ్బా తీసింది. అందులో సన్నటి ఇత్తడి ఉంగరం, ఒక పాత ఆరు పెన్నీల నాణెం, ఎండు బఠాణీ గింజ, చిటికెనవేలంత తెల్లటి నూలుగుడ్డ పేలిక. నాణెం ఒకవైపు వేటకుక్క బొమ్మ ఉంది. ఐర్లండ్‌కి యూరో నాణేలు 2002లో వచ్చాయి, ఆ నాణెం అంతకు ఎంతో ముందుది. రొట్టె కోసేటప్పుడు ఎవరి ముక్కలో ఏది వస్తే ఆ ఏడాది వాళ్లకది. ఉంగరం వస్తే పెళ్లి. నాణెం వస్తే డబ్బు. బఠాణీ వస్తే ఆ ఏడు పెళ్లి లేదు. గుడ్డ వస్తే లేమి. మునుపు ఒక కర్రపుల్ల కూడా పెట్టేవారట, అది వస్తే కాపురంలో కలతలని అర్థం. "పుల్ల మాత్రం మా అమ్మే మానేసింది. పండగపూట ఆడపిల్ల చేతిలో అలాంటిదెందుకు పెట్టాలి అనేది" అంది.

దుకాణంలో అమ్మే రొట్టెలో ఉంగరం ఒక్కటే ఉంటుంది. ఆవిడ నన్ను కొనొద్దన్నది అందుకే. గుడ్డా బఠాణీ లేకుండా ఉంగరం ఒక్కటే పెడితే అది పిల్లల ఆటబొమ్మ అయిపోతుందని ఆవిడ బాధ. నాకు ఆ మాట వెంటనే ఎక్కింది. వేపపువ్వు వెయ్యకుండా బెల్లం, మామిడికాయ మాత్రం కలిపి ఇస్తే దాన్ని ఉగాది పచ్చడి అంటామా? ఏడాదిలో రాబోయేదాంట్లో చేదు కూడా ఉందని పండగనాడే నోటికి తెలియాలి. అది అందరూ ఒక్క బల్ల దగ్గరున్నప్పుడు తెలిస్తే మింగడం తేలిక. ఆ చేదు వాటా పెట్టే ధైర్యం ఇంట్లో చేసుకునేవాళ్లకే ఉంటుంది, అమ్ముకునేవాళ్లకు ఉండదు.

ఒక్కోదాన్నీ బేకింగ్ పేపర్లో చుట్టి, పిండిలో దూరం దూరంగా గుచ్చాం. పంటి కింద పడితే మింగెయ్యకూడదని మనవరాలి చేత మూడుసార్లు చెప్పించింది. 900 గ్రాములు పట్టే పొడవాటి టిన్నులో పోసి, 170 డిగ్రీల దగ్గర గంటకు పైనే ఉంచాం. ముప్పావు గంట దాటేసరికి లవంగం, కాలుతున్న చక్కెర కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. స్వెటర్ అల్లే సూది గుచ్చి చూసింది, పిండి అంటకుండా వచ్చింది. వేడి తగ్గకముందే పైన చక్కెర నీళ్లు కుంచెతో పూస్తే మెరుపొచ్చింది. ఇక కొయ్యడమే అనుకున్నాను. కాదట, మళ్లీ ఒక రాత్రి ఆగాలి. గుడ్డలో చుట్టి పెట్టింది.

గురువారం అయిదింటికే చీకటి పడిపోయింది. మా అమ్మాయి గడపలో ప్రమిదలు పెట్టింది. లక్ష్మీపూజ అయ్యాక రకరకాల వేషాలేసుకుని వీధి పిల్లలు వస్తూనే ఉన్నారు. మనవరాలు దోసిళ్లతో వేరుశనక్కాయలు పంచింది. మతాబులు లేవు, అక్కడ మామూలు జనం బాణసంచా కాల్చకూడదు. ఏడు గంటలకు పక్కింటావిడ రొట్టె పట్టుకొచ్చింది. గుమ్మంలో దీపాలు చూసి కాసేపు ఆగిపోయింది. తన చిన్నప్పుడు గుమ్మడికాయలు ఎవరికి తెలుసు, టర్నిప్ దుంప తొలిచి లోపల కొవ్వొత్తి పెట్టేవాళ్లం, ఆ కాలిన దుంప వాసన ఇంకా ముక్కులోనే ఉంది అని చెప్పింది.

రొట్టెను వేలిమందాన కోసి, మీద అంతే మందాన వెన్న రాసింది. లోపల కొవ్వు ఎందుకు లేదో అప్పుడు తెలిసింది, అదంతా పైనే ఉంది. తడితడిగా, బరువుగా, ఎండుద్రాక్ష లోపలినుంచి టీ వగరు చిన్నగా తగులుతూ ఉంది. ఉప్పు వెన్న ఆ తీపిని పట్టి ఆపుతోంది.

నాణెం మనవరాలికి వచ్చింది. బఠాణీ అల్లుడికి. నా ముక్కలో కాగితం తగిలింది. విప్పితే తెల్లటి నూలుగుడ్డ.

అందరూ ఒక్క క్షణం మాటాడలేదు. మా అమ్మాయి ముఖం మారిపోయింది, పండగపూట అమ్మకే రావాలా అన్నట్టు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. నేను ఆ పేలికను అరచేతిలో పెట్టి రెండో చేత్తో నులిమాను. చక్కటి నూలు, చిక్కగా మెలి తిరిగింది. నువ్వులనూనెలో ముంచి, గడపలో వత్తి కొండెక్కిపోయిన ప్రమిద ఒకటుంటే అందులో వేసి వెలిగించాను. మిగతావాటికంటే లావు వత్తి కదా, పెద్దగా వెలిగింది. ఆవిడ దాని పక్కనే చలిలో నిలబడిపోయింది. కోటు తెచ్చి భుజాల మీద కప్పాను.

మర్నాడు పొద్దున్న మిగిలిన ముక్కల్ని పెనం మీద కాల్చి వెన్న రాసుకున్నాం. కొంచెం ఎండాక ఇలా కాల్చుకుంటేనే నాకు ఇంకా నచ్చింది. ఉంగరం ఆ చివరి ముక్కల్లో ఉంది, ఆవిడకే వచ్చింది. 78 ఏళ్ల వేలికి తొడుక్కుని, గోడ మీది పెళ్లి ఫోటోకేసి చెయ్యెత్తి చూపించింది.

రాజమండ్రి వచ్చాక భోగినాడు నేనూ చేశాను. నారింజ తొక్కకు బదులు దబ్బకాయ తొక్కని పాకంలో ఊరబెట్టాను. బ్రౌన్ షుగర్ బదులు బెల్లం పొడి వేస్తే రంగు ఇంకా బాగొచ్చింది. మన టీపొడి ఘాటు, అందుకని ఎక్కువసేపు మరిగించకూడదు. ఫోటో పంపితే ఆవిడ ఒక్కటే అడిగింది, గుడ్డ ఎవరికొచ్చిందని. మావారికి. సాయంత్రం తులసికోట దగ్గర ఆయనే వెలిగించారు.