గాలిలో సర్వే రాళ్లు

మండల సర్వేయరుగా పనిచేసి రిటైరైన వాడికి ఏ పటం చేతికిచ్చినా ముందు హద్దులే కనిపిస్తాయి. రీడింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద అల్లుడు పరిచినది దక్షిణ ఇంగ్లండ్ వైమానిక పటం. అడుగున ఊళ్లు, రైలు మార్గాలు, ఏళ్లు లేత రంగులో ఉన్నాయి. వాటి మీద ఒకదానిపై ఒకటిగా గీతల పెట్టెలు, ప్రతి పెట్టెకూ రెండు అంకెలు. ఎన్ని అడుగుల ఎత్తులో మొదలై ఎన్ని అడుగుల దగ్గర ఆగుతుందో అవి చెబుతాయి. మా ఎఫ్‌ఎంబీలో, అంటే పొలాల కొలతల పుస్తకంలో, కమతానికి కొలతలు, హద్దులు రాస్తే పనైపోయేది. ఇక్కడ కమతానికి నేల వేరు, కప్పు వేరు.

"ఈ పెట్టెలు నేను లైసెన్సు తీసుకున్నప్పుడు లేవు మామయ్యగారూ," అంటూ ఫార్న్‌బరో విమానాశ్రయం చుట్టూ వేలు తిప్పాడు. "2020 ఫిబ్రవరిలో వచ్చాయి."

అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు విమానం. సొంతం కాదు లెండి. కొంతమంది కలిసి వాటాలు వేసుకుని కొన్న పాత పైపర్ వారియర్, నాలుగు సీట్లది. ఆ శనివారం నన్ను ఐల్ ఆఫ్ వైట్ దీవికి తీసుకెళ్తానన్నాడు. మా ఆవిడ "నేను రాను, మీరూ వెళ్లొద్దు" అంది. తర్వాత తనే పులిహోర కలిపి డబ్బాలో పెట్టిచ్చింది.

మన దగ్గర చిన్న విమానంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లాలంటే ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో గడ్డి మైదానం నుంచి లేచి, ఎవరికీ చెప్పకుండా, రేడియో కూడా వాడకుండా వంద మైళ్లు వెళ్లి ఇంకో గడ్డి మైదానంలో దిగొచ్చు. అలాంటి గాలిని క్లాస్ జి అంటారు. చూసుకుంటూ, తప్పుకుంటూ వెళ్లడమే అక్కడి నియమం. విమానాశ్రయాల చుట్టూ ఉండే క్లాస్ డి లోకి మాత్రం రేడియోలో అనుమతి అడిగి, వాళ్లు సరే అన్నాకే అడుగుపెట్టాలి. నాకు వెంటనే గుర్తొచ్చింది ఊరి పోరంబోకు. పశువులు మేస్తాయి, పిల్లలు ఆడుకుంటారు, ఎవరూ ఎవరినీ అడగరు. ఒకరోజు అందులో కొంత మేర కంచె పడుతుంది. గేటు ఉంటుంది, అడిగితే తీస్తారు కూడా. కానీ అప్పటిదాకా నడిచిన దారిలో వెళ్లడానికి ఇప్పుడు అడగాల్సి రావడం మాత్రం కొత్త.

ఫార్న్‌బరోకు ఈ గీతలు ఊరికే రాలేదు. 1908 అక్టోబరు 16న బ్రిటన్‌లో మొదటిసారి శామ్యూల్ కోడీ మోటారు విమానం ఎగరేసింది అక్కడే. 27 సెకన్లు, 1,390 అడుగులు వెళ్లి కూలింది. ఇప్పుడు అక్కడ దిగేవి ఎక్కువగా ప్రైవేటు జెట్‌లు. టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం ఒక్కటీ లేదు. ఆ జెట్‌లు లండన్ మీది పెద్ద దారుల నుంచి కిందికి దిగేటప్పుడు క్లాస్ జి లోంచే రావాల్సి వచ్చేది. అందులో ఎవరు ఎటు తిరుగుతారో రాడార్ ముందు కూర్చున్న మనిషికి తెలియదు. తెలియని ప్రతి చుక్క కోసం జెట్‌ను చుట్టూ తిప్పాలి. ఇంధనం ఖర్చు, ఊళ్ల మీద చప్పుడు, కంట్రోలర్‌కు టెన్షన్. అందుకే తమకంటూ ఒక హద్దు కావాలని విమానాశ్రయం అడిగింది. 2014లో అభిప్రాయాలు సేకరించారు, గీతలు సవరించి 2016లో మళ్లీ అడిగారు. 2018 జూలైలో సివిల్ ఏవియేషన్ అథారిటీ ఒప్పుకుంది. ఇంజిన్ లేని గ్లైడర్లు ఎగరేసే పక్కనున్న లాషమ్ గ్లైడింగ్ సొసైటీ హైకోర్టుకు వెళ్లి 2019లో ఓడిపోయింది. 2020 ఫిబ్రవరి 27న గీతలు అమల్లోకి వచ్చాయి. నెల తిరక్కుండానే కోవిడ్ లాక్‌డౌన్ పడి దేశమంతా విమానాలు నేలకు దిగాయి.

ముందురోజు రాత్రి ఇద్దరం కూర్చుని దారి కొలిచాం. రీడింగ్ నుంచి దక్షిణానికి దిగుతుంటే బర్గ్‌ఫీల్డ్, ఆల్డర్‌మాస్టన్ వస్తాయి. రెండూ అణ్వాయుధాల కర్మాగారాలు, వాటి మీద నిషేధిత వలయాలు. ఎడమవైపు ఫార్న్‌బరో పెట్టెలు, వాటికి ఆనుకుని చినూక్ హెలికాప్టర్ల స్థావరం ఓడిహామ్. దాని కింద లాషమ్. దానికి పడమర పాప్‌హమ్ అనే చిన్న గడ్డి ఎయిర్‌ఫీల్డ్. ఇంకా దక్షిణానికి పోతే సౌతాంప్టన్ వాళ్ల జోన్.

"అంచు దాకా వెళ్లొచ్చు కదా?" అన్నాను.

"వెళ్లొచ్చు, కానీ వెళ్లం. రెండు నాటికల్ మైళ్లు ఎడం, ఎత్తులో రెండొందల అడుగుల ఎడం ఉంచుకోమని సలహా. గాలికి కాస్త జరిగి లోపలికి పోయామా, రాడార్‌లో పడుతుంది. రిపోర్టు రాస్తారు. పరీక్ష రాయమంటారు, లేదంటే కోర్సుకు రమ్మంటారు. లైసెన్సు ఆపేసినా ఆపేయొచ్చు."

అంటే కంచెకు బయట ఇంకో కంచె, అది పటంలో ఉండదు. నేను స్కేలు తీసి లాషమ్ నుంచి పాప్‌హమ్‌కు కొలిచాను. సుమారు ఏడున్నర నాటికల్ మైళ్లు వచ్చింది. రెండు చోట్లా రెండేసి మైళ్లు వదిలేస్తే మిగిలేది మూడున్నర. కాగితం మీద గీసిన గీత ఒకటి, మనుషులు భయపడి వదిలేసుకునే జాగా ఇంకొకటి. పొలాల్లోనూ ఇది చూశాను. రోడ్డు విస్తరణకు రాళ్లు పాతితే, రాయికి ఇవతల కూడా గజాల కొద్దీ ఎవరూ నాట్లు వేయరు.

మర్నాడు విమానం ఉండే వైట్ వాల్తమ్ మైదానానికి వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ ఆగ్జిలరీకి ఇది ప్రధాన స్థావరం. ఫ్యాక్టరీల నుంచి యుద్ధ విమానాలను స్థావరాలకు చేర్చిన ఆ దళంలో ఆడవాళ్లు కూడా నడిపారు. ఇప్పటికీ రన్‌వే గడ్డిదే. లేచేటప్పుడు మన పల్లె రోడ్డు మీద ఆటో కుదిపినట్టే కుదిపింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. నేల వదిలేశామని అలా తెలిసింది. ఆ మైదానం ఉన్నదే హీత్రో జోన్ అంచులో కాబట్టి కాసేపు 1,500 అడుగులు దాటకుండా వెళ్లి, ఆ హద్దు దాటాక పైకి తీశాడు. లండన్‌కు దూరమయ్యే కొద్దీ నెత్తి మీది కప్పు మెట్లు మెట్లుగా ఎత్తవుతుందట.

హెడ్‌ఫోన్‌లో ఫార్న్‌బరో రాడార్ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. బయట క్లాస్ జి లో తిరిగే చిన్న విమానాలకు దారిలో ఎవరున్నారో చెప్పే సేవ కూడా ఆ రాడార్ వాళ్లే ఇస్తారు, అదీ ఉచితంగా. అల్లుడు ముందు పలకరించినప్పుడు ఆ గొంతు ఎంతో మర్యాదగా మాట్లాడింది. కంచె వేసినవాళ్లు చెడ్డవాళ్లనుకుని బయల్దేరినవాడికి ఇది కాస్త ఇబ్బందే.

బేసింగ్‌స్టోక్ దాటి ఎం3 రహదారి కనిపించాక అల్లుడు మాటలు తగ్గించాడు.

"మామయ్యగారూ, కుడివైపు మీరు చూస్తుండండి. తెల్లగా ఏది కదిలినా చెప్పండి. నేను చూసేశానేమో అనుకోవద్దు."

టాబ్లెట్‌లో దగ్గరున్న విమానాల గుర్తులు కనిపిస్తున్నాయి, ఒకటి రెండు సార్లు కూసింది కూడా. గుర్తు లేని చోట నాకు ముందు కనిపించింది ఒక నీడ, కింద పచ్చటి పొలం మీద పాకుతోంది. తలెత్తి వెతికితే దాని గ్లైడర్ దొరికింది. రెక్కలు పక్కకు వంచి తిరుగుతున్నప్పుడు తెల్లగా తళుక్కుమంది. మనవైపు తిరిగేసరికి సన్నని గీతై మాయమైంది. ఉందని తెలిసి చూస్తున్నా కనిపించలేదు. మళ్లీ తిరిగాక పక్కనే ఇంకో మూడు కనిపించాయి, అన్నీ ఒకే మేఘం కింద. అల్లుడు పాప్‌హమ్ వైపు కాస్త జరిగాడు. అటు నుంచి ఎదురుగా ఇంకో చిన్న విమానం, మా కంటే కొంచెం కింద. ఫార్న్‌బరోను అడగడం ఇష్టం లేని వాళ్లందరికీ దారి ఇదే కదా. లాషమ్ మీదుగా నేరుగా వెళ్లడానికీ లేదు. గ్లైడర్లను పైకి లేపడానికి నేల మీది వించ్ యంత్రంతో లాగే ఇనుప తాడు రెండు మూడు వేల అడుగుల దాకా లేస్తుందట.

ఆ ఇరుకు దాటగానే గాలి తేలికైనట్టనిపించింది. ఆల్టన్ నుంచి ఆల్రెస్‌ఫర్డ్‌కు పోయే పాత ఆవిరి రైలు పొగ వదులుతూ కనిపించింది. పోర్ట్స్‌మత్ దగ్గర ఎత్తైన స్పిన్నేకర్ టవర్, ఆ తర్వాత సముద్రం, మీద ఫెర్రీలు. అరగంట కాస్త దాటిందేమో, ఐల్ ఆఫ్ వైట్‌లోని సాండౌన్ గడ్డి మీద దిగాం.

అక్కడి కేఫ్ ముందు చెక్క బెంచీల మీద అందరూ పైలట్లే. వారం వారం ఏదో ఒక మైదానానికి ఎగిరొచ్చి ఒక బర్గర్ తిని పోవడం వాళ్ల అలవాటు. పెట్రోలుతో కలిపి ఆ బర్గర్ వంద పౌండ్లవుతుందని వాళ్లే జోకులేసుకుంటారు. మేం టీ కొనుక్కుని పులిహోర డబ్బా విప్పాం. పక్క బెంచీ పెద్దాయన ఆ పసుపు అన్నం ఏమిటని అడిగి, ఒక స్పూను తిని, పచ్చిమిరపకాయ కొరికి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన లాషమ్‌లో చాలా ఏళ్లుగా గ్లైడర్ నడుపుతున్నాడు. ఆరోజు స్నేహితుడి విమానంలో వచ్చాడు.

నేను నేరుగా అడిగాను: అడిగితే అనుమతి ఇస్తున్నారు కదా, మీకేమిటి కష్టం అని.

"మీకు ఇంజిన్ ఉంది," అన్నాడు. "ఆగమంటే చుట్టూ తిరుగుతూ ఆగుతారు. ఇంత ఎత్తులోనే ఉండమంటే ఉంటారు. నేను వేడిగాలి ఎక్కడ లేస్తే అక్కడికి పోవాలి, ఎంత లేపితే అంత లేవాలి. అది ఆగితే కిందికి దిగడమే. ఒక నిమిషం ఆగండి అంటే ఆ నిమిషంలో నేను కొన్ని వందల అడుగులు పోగొట్టుకుంటాను."

గ్లైడర్లలో చాలావాటికి రాడార్‌కు తమ ఉనికి చెప్పే ట్రాన్స్‌పాండర్ ఉండదనీ, ఫైబర్ శరీరం రాడార్‌కు సరిగ్గా కనిపించదనీ కూడా చెప్పాడు. కోర్టు కేసు గురించి కదిపితే, ఓడిపోయినందుకు బాధ లేదన్నాడు. జెట్ దారిలోంచి మమ్మల్ని తీశారు, ఒప్పుకుంటాను, తీసినవాళ్లమంతా ఎక్కడికి పోయామో ఎవరైనా లెక్కేశారా, అన్నాడు. ఆ ఎం3 దగ్గరి మేఘం కింద నేను చూసింది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ప్రమాదం తగ్గిందా, పక్క సర్వే నంబరులోకి జరిగిందా అన్నది నిజంగా కొలవాల్సిన సంగతి.

మా గన్నవరం కథ చెబితే ఆయన ఆసక్తిగా విన్నాడు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే డ్రోన్లతో మొదలైంది. విజయవాడ విమానాశ్రయం పక్క ఊళ్లలో డ్రోన్ ఎగరేయాలంటే కాగితాల మీద కాగితాలు. అప్పట్లో విమానాశ్రయం చుట్టూ అనుమతి తీసుకుని ఎగరేయాల్సిన ఎల్లో జోన్ 45 కిలోమీటర్లు. 2021 డ్రోన్ రూల్స్ దాన్ని 12 కిలోమీటర్లకు తగ్గించాయి. అందులోనూ ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా అనుమతి అక్కర్లేదన్నాయి. గీసిన గీతను మళ్లీ చెరిపేయొచ్చని నాకు తెలిసింది అలాగే. ఇక్కడ కూడా అవసరం లేని నియంత్రిత గగనతలాన్ని గుర్తించి వదిలే పని అథారిటీకి అప్పగించారని అల్లుడు చెప్పాడు. పెద్దాయన తల ఊపాడు కానీ నమ్మినట్టు కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో నా కోసం అల్లుడు దారి మార్చాడు. పీటర్స్‌ఫీల్డ్ దగ్గర ఫార్న్‌బరో రాడార్‌ను పిలిచి, జోన్ దాటుతానని అడిగాడు. చిన్నగా విరామం. తర్వాత ఒక కోడ్ నంబరు, ఎంత ఎత్తు దాటకూడదో ఒక మాట, అనుమతి. అంతే. లోపలికి వెళ్లాక ఒకసారి మాత్రం, మీ ముందు నుంచి ఒక జెట్ దిగుతోంది, కనిపించాక చెప్పండి అన్నారు. కనిపించింది. చక్రాలు దించుకుని ఫ్లీట్ ఊరి మీదుగా రన్‌వే వైపు జారిపోయింది. పక్కన వంపు కప్పుల హ్యాంగర్లు, వాటి ముందు వరసగా తెల్లటి జెట్‌లు. ఆ మూడు నాలుగు నిమిషాలూ మాకు దగ్గర్లో ఇంకెవరూ లేరు. పొద్దున వెతికి వెతికి నొప్పెట్టిన కళ్లకు విశ్రాంతి. నిజం చెప్పాలంటే రోజంతటిలో నాకు నిశ్చింతగా అనిపించింది ఆ పెట్టెలోపలే.

బ్లాక్‌బుష్ దగ్గర వేలం కోసం నిలిపిన కార్లు రన్‌వే పక్కన ఎకరాల కొద్దీ కనిపించాయి. ఆ తర్వాత వోకింగమ్, ఆ తర్వాత మన గడ్డి.

విమానానికి కవర్ కప్పుతుంటే వాటాదారుల్లో ఇద్దరు వచ్చారు. ఫార్న్‌బరో ఏడాదికి 50,000 ఉన్న రాకపోకల పరిమితిని 70,000కు పెంచమని 2023లో దరఖాస్తు పెట్టింది, దాని మీదే చర్చ. పెరిగితే గీతలూ పెరుగుతాయని ఒకాయన. ఉన్న పెట్టెల్లోనే పడతాయి, ముందు మన విమానానికి మంచి రేడియో వేయిద్దాం అని ఇంకొకాయన. ఖర్చు ఎవరెంత అన్న దగ్గర మాట పెరిగింది. రేడియో వద్దన్న మొదటాయన వాటా అమ్మేస్తానన్నాడు. అడిగి ఎగరడానికి తను ఈ సరదాలోకి రాలేదట. అల్లుడు ఆయన్ని ఆపబోయాడు కానీ రేడియో మాటలో మాత్రం రెండో ఆయన పక్షమే వహించాడు. ఆ వాటా ఎవరు కొంటారో తేలేదాకా మిగిలినవాళ్లే పార్కింగ్, ఇన్సూరెన్స్ పంచుకోవాలి. కారులో ఇంటికి వస్తూ అల్లుడు నా వైపు చూశాడు. "మీ అత్తయ్యగారిని అడగండి" అన్నాను.