లిమిటెడ్ టర్మ్

టెక్సస్ వచ్చిన కొత్తలో డాలస్ దగ్గర ఓ రెస్టారెంట్ తలుపు మీద 30.06 అన్న అంకె చూసి, జూన్ 30 దాకా ఏదో ఆఫర్ ఉందనుకున్నాను. అంగుళం ఎత్తు అక్షరాలు, ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి. ఆఫర్‌కి ఇంత కథేమిటని చదివితే, అది టెక్సస్ పీనల్ కోడ్‌లో సెక్షన్ నంబరు. లైసెన్సున్నా సరే, పిస్టల్ దాచుకుని లోపలికి రావద్దని. పక్కనే 30.07, బయటికి కనబడేలా పెట్టుకుని రావద్దని. అంటే బోర్డు లేని చోటికి తెచ్చుకోవచ్చన్నమాట! ఆ రోజు బిర్యానీ తింటున్నంతసేపూ నా కళ్ళు పక్క టేబుల్ వాళ్ళ నడుముల మీదే.

మా ఊరు మొత్తానికి ఒక్కటే తుపాకి ఉండేది, ఓ పెద్దాయన ఇంట్లో గోడకి వేలాడే డబుల్ బ్యారెల్. ఎన్నికలొస్తే దాన్ని గుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో జమచేసి, రసీదు తెచ్చుకునేవాడు. అది పేలగా విన్నవాళ్ళెవరూ లేరు. ఇక్కడైతే 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డు చెప్పని ఎవరైనా లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకు తిరగొచ్చు.

ఓ శనివారం మా టీమ్ వాళ్ళు షూటింగ్ రేంజ్‌కి రమ్మన్నారు. సరదా పడి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు నా డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని, దాని మీద 'లిమిటెడ్ టర్మ్' అన్న చోట ఆగాడు. వీసా మీద ఉన్నావా అన్నాడు. హెచ్1బీ అన్నాను.

"హంటింగ్ లైసెన్స్ ఉందా?"

వేళాకోళం అనుకున్నాను. కాదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అంతే. ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని వేట లైసెన్సు. మిగతావాళ్ళు కాలుస్తుంటే అద్దం ఇవతల కుర్చీలో కూర్చుని చూశాను.

ఇంటికొచ్చి తవ్వితే తెలిసింది. 1997లో టూరిస్టుగా వచ్చినతను ఫ్లోరిడాలో పిస్టల్ కొని, న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైన కాల్పులు జరిపాడు. ఆ మరుసటి ఏడే ఈ నిషేధం వచ్చింది. సరే, బాగుంది. కానీ ఆ వేట లైసెన్సు టెక్సస్ నివాసికి 25 డాలర్లు. గేలాలు, టెంట్లు అమ్మే షాపు కౌంటర్లోనే ఇస్తారు. నా వయసు వాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. ఏళ్ళ తరబడి పన్ను కడుతున్న ఉద్యోగిగా ముట్టుకోకూడనిది, జింకల్ని చంపుతానంటే పట్టుకోవచ్చు! కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఆ నవ్వు 2023 మే 6 దాకానే. డాలస్ పక్కనే ఉన్న ఆలెన్ ఊళ్ళో ఔట్‌లెట్ మాల్‌లో కాల్పులు, ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో తెలంగాణ నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి ఒకరు. మేం దీపావళికి బట్టలు కొనేది అక్కడే. మర్నాటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ, మనమూ ఒకటి కొనాలా అని. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్ళకి ఆ నిషేధం లేదు కాబట్టి నా స్నేహితుడొకడు కొనేశాడు. 4473 అనే ఫారం నింపాడు, కొనేవాళ్ళ పాత రికార్డు చూసే ఎఫ్‌బీఐ చెక్ నిమిషాల్లో అయిపోయింది. "మన దగ్గర సిమ్ కార్డుకే ఎక్కువ సేపు పడుతుందిరా" అన్నాడు.

తర్వాత వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. పిల్లలంతా మేడ మీదికి పరిగెత్తారు. మా ఆవిడ నా వైపు చూసింది. వాణ్ణి పక్కకి పిలిచి "ఎక్కడ పెట్టావురా?" అన్నాను. వాడేమీ అనుకోలేదు. బెడ్‌రూమ్ క్లోజెట్‌లో సూట్‌కేసుల వెనక చిన్న సేఫ్ చూపించాడు, నాలుగంకెల కోడ్‌తో తెరుచుకునేది. నిర్లక్ష్యం వల్ల లోడైన తుపాకి 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి చిక్కితే ఇక్కడ పెద్దవాళ్ళ మీద కేసవుతుంది. అది వాడికి నాకంటే బాగా తెలుసు.

కోడ్ ఏమిటని నేను అడగలేదు.

"వాళ్ళబ్బాయి పుట్టినరోజే అయ్యుంటుంది" అంది మా ఆవిడ, కారెక్కాక.