పరమాణు నమూనాల తయారీ: ఇంతవరకు జరిగిన పని

పరమాణువును ఎవరు ఎలా ఊహించారో బొమ్మల్లో చూడడం చాలక, ఒక్కో నమూనాను చేత్తో తయారు చేసే పని పెట్టుకున్నాను. నియమం ఒక్కటే. ఆ నమూనా దేన్ని వివరించిందో అది కళ్లముందు జరిగి తీరాలి. లేకపోతే అది అలమారలో అలంకారమే.

డాల్టన్: పూర్తయింది. ఇందులో పెద్ద పనేమీ లేదు. డాల్టన్‌కు ముఖ్యమైంది పరమాణువు రూపం కాదు, బరువు. 1808 నాటి అతని పట్టికలో హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 7. అందుకే ఒకే పరిమాణంలో ఉన్న రెండు టేబుల్ టెన్నిస్ బంతులు తీసుకున్నాను. ఖాళీ బంతి 2.7 గ్రాములు. రెండోదానికి చిన్న రంధ్రం చేసి, జిగురు కలిపిన ఇసుక 16.2 గ్రాములు నింపితే 18.9 వస్తుంది. కంటికి తేడా లేదు, చేతికి తెలుస్తుంది. నీటిని ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనే అతను లెక్కగట్టాడు కాబట్టి రెండింటినే జత చేశాను.

థామ్సన్: పూర్తయింది, అయినా ఇంకా దాన్ని వదలలేకపోతున్నాను. పాఠాల్లో ఈ నమూనాకు దక్కేది ఒక పేరా, ఎండు ద్రాక్షలు గుచ్చిన ప్లమ్ పుడ్డింగ్ పోలిక మాత్రమే. 1904లో థామ్సన్ చేసిన లెక్కల్లో మాత్రం ఎలక్ట్రాన్లు ఎక్కడపడితే అక్కడ చెదిరి ఉండవు. ధనావేశ గోళంలో వలయాలుగా సర్దుకుంటాయి. దీనికి అతను ఆసరాగా చూపినది ఆల్ఫ్రెడ్ మేయర్ 1878లో చేసిన తేలే అయస్కాంతాల ప్రయోగం. నేను చేసింది అదే, ఎలక్ట్రాన్లకు బదులు సూదులతో.

కుట్టుసూదులన్నింటినీ అయస్కాంతపు ఒకే ధ్రువంతో, ఒకే దిశలో రుద్దాలి. బిరడాను అర సెంటీమీటరు మందాన బిళ్లలుగా కోసి, ఒక్కో బిళ్లలో ఒక్కో సూదిని నిలువుగా గుచ్చాలి. పైకొనలన్నీ ఉత్తర ధ్రువాలే కావాలి. ఒక్కటి తలకిందులైనా అది పక్కదానికి అతుక్కుని ఆట చెడగొడుతుంది. తొట్టి ప్లాస్టిక్‌దో గాజుదో కావాలి, ఇనుముది పనికిరాదు. నీటిని అంచుకు కాస్త ఉబ్బెత్తుగా నిలిచేదాకా పోయాలి. తక్కువైతే బిళ్లలు గోడలకు చేరిపోతాయి. పైన పెద్ద అయస్కాంతాన్ని దక్షిణ ధ్రువం కిందికి ఉండేలా వేలాడదీయాలి. ధనావేశ గోళపు ఆకర్షణకు అది ప్రతినిధి. ఎత్తు తగ్గితే సూదులు ఎగిరి అంటుకుంటాయి, పెరిగితే బద్ధకంగా చెదిరిపోతాయి. కొంచెం కొంచెంగా దించుతూ సరిచూసుకోవడమే మార్గం.

మూడు వదిలితే త్రిభుజం. నాలుగుకు చతురస్రం. అయిదుకు పంచభుజి. ఆరోది వేస్తే షడ్భుజి రావాలి కదా? ఒకటి మధ్యలోకి జారి, చుట్టూ అయిదు నిలుస్తాయి. ఏడైతే మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. మధ్యలో ఒకటి లేకుండా ఆరింటి వలయం స్థిరంగా నిలవదని థామ్సన్ లెక్కలూ చెప్పాయి. సూదులు పెంచుకుంటూ పోతే ముందు చూసిన అమరికలే లోపలి వలయాలుగా మళ్లీ కనిపిస్తాయి. ఆవర్తన పట్టికలో గుణాలు తిరిగి తిరిగి రావడానికి కారణం ఇదేనేమో అని అతను భావించాడు. తొట్టి ముందు కూర్చుంటే ఆ ఆశ వెర్రిదని ఎవరూ అనలేరు.

రూథర్‌ఫర్డ్: గుట్ట సిద్ధం, నునుపు చేయడం మిగిలింది. ఇక్కడ కక్ష్యల్లో తిరిగే పూసలు పెట్టలేదు. 1911 వ్యాసంలో అలాంటివి లేవు. మధ్యలో చిన్న చోట ఆవేశం, చుట్టూ పరుచుకున్న వ్యతిరేకావేశం, అంతే. పరమాణువు స్థిరత్వం సంగతి ప్రస్తుతానికి అక్కర్లేదని కూడా అతనే పక్కన పెట్టాడు. చూపవలసింది 1909లో గైగర్, మార్స్‌డెన్ గమనించినదాన్ని, లోహపు రేకు మీదికి వదిలిన ఆల్ఫా కణాలు (ధనావేశ కణాలు) కొన్ని వెనుదిరగడాన్ని. గుట్ట కేంద్రపు వికర్షణకు, గోళీ ఆల్ఫా కణానికి ప్రతినిధులు. అందుకు అట్టముక్కలను దొంతరగా పేర్చి, ప్రతి పొర ఎత్తునూ వ్యాసార్ధాన్నీ గుణిస్తే 24 వచ్చేలా కోశాను. 2 సెం.మీ. ఎత్తున 12, 3కి 8, 4కి 6, 6కి 4. పైన కాగితపు గుజ్జు పూత. ఏటవాలు పట్టీ మీద 4 సెం.మీ. ఎత్తు నుంచి ఉక్కు గోళీని సూటిగా వదిలితే కేంద్రానికి 6 సెం.మీ. దూరం దాకా ఎక్కి వెనక్కి రావాలి. గుజ్జు గరుకు వల్ల ఇప్పటికి అంత దాకా ఎక్కడం లేదు. ఉప్పు కాగితంతో రుద్దాలి.

బోర్: పూర్తయింది. 1913 నమూనాలో కక్ష్యల వ్యాసార్ధాలు 1, 4, 9, 16, 25 నిష్పత్తిలో పెరుగుతాయి. అర మీటరు పలకపై రాగి తీగతో అలాగే వంచాను. సమాన దూరాల్లో వలయాలు గీసే అలవాటు ఎవరు మొదలుపెట్టారో గాని, అది నమూనా ప్రాణమే తీస్తుంది. పక్కన శక్తి నిచ్చెన: -13.6, -3.4, -1.51, -0.85, -0.54 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల స్థాయిలో శక్తి కొలమానం). కక్ష్యలు దూరమవుతుంటే మెట్లు దగ్గరవుతాయి. మూడు నుంచి రెండుకు ఎర్ర దారం. తేడా 1.89, దానితో 1240ని (శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చే స్థిరాంకం) భాగిస్తే 656 నానోమీటర్లు, హైడ్రోజన్ వర్ణపటంలోని ఎర్ర గీత. నాలుగు నుంచి రెండుకు 486, అయిదు నుంచి 434. హీలియానికి మాత్రం ఈ పలక పనికిరాదు.

మేఘం: నడుస్తోంది. ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంతో చుక్కలతో చూపే నమూనా ఇది. ష్రోడింగర్ సమీకరణం, బోర్న్ ఇచ్చిన సంభావ్యత అర్థం, రెండూ 1926వే. హైడ్రోజన్ కనిష్ఠ శక్తి స్థితికి చుక్కలు వేయడం తేలిక. సున్నాకూ ఒకటికీ మధ్య మూడు యాదృచ్ఛిక సంఖ్యల లబ్ధానికి సహజ సంవర్గమానం తీసి, గుర్తు మార్చి సగం చేస్తే, బోర్ వ్యాసార్ధాల్లో (బోర్ మొదటి కక్ష్య వ్యాసార్ధమే కొలమానం) దూరం వస్తుంది. దిశ ఎటైనా సమానమే. బోర్ వ్యాసార్ధానికి 2 సెం.మీ. చొప్పున, పారదర్శక షీట్లను సెంటీమీటరు ఎడంతో పేర్చి, ప్రతి చుక్కనూ దగ్గరి షీటు మీద అచ్చు వేస్తున్నాను. లెక్క సరిపోయిందో లేదో చూడాలంటే కేంద్రం నుంచి 2 సెం.మీ. లోపలి చుక్కలు లెక్కించాలి. దాదాపు 32 శాతం ఉండాలి. చుక్కలు కేంద్రం దగ్గరే దట్టం. అయినా దూరంతో పాటు చుట్టూ చోటూ పెరుగుతుంది కాబట్టి, అత్యధిక సంభావ్యత గల దూరం మాత్రం సరిగ్గా బోర్ మొదటి కక్ష్యదే. మధ్య షీటు మీద అంత రాగి వలయం ఒకటి అతికించాను.

తర్వాత 2పీ, అంటే హైడ్రోజన్ రెండో మెట్టులోని డంబెల్ ఆకారపు మేఘం. దూరానికి అయిదు సంఖ్యల లబ్ధపు సంవర్గమానం, ఈసారి సగం చేయనక్కర్లేదు. కోణపు కొసైన్‌కు -1, 1 మధ్య యాదృచ్ఛిక సంఖ్య తీసి ఘనమూలం. శిఖరం 4 బోర్ వ్యాసార్ధాల వద్ద వస్తుంది, కాబట్టి అదే పెట్టెలో పట్టాలంటే కొలతను అర సెంటీమీటరుకు దించాలి.