ఐదో ఏడంటే బ్యాక్‌లాగ్ కాదండీ

మనవాళ్ళ పార్టీల్లో "మావాడికి కాలేజీలో ఇది ఐదో ఏడు" అని ఒకసారి చెప్పి చూడండి. ఎదుటివాళ్ళ మొహంలో ముందు జాలి కనిపిస్తుంది, ఆ వెనకాలే లెక్క మొదలవుతుంది, ఎన్ని సబ్జెక్టులు పోయాయో అని. మనకు బీటెక్ అంటే నాలుగేళ్ళు. ఐదో ఏడు వచ్చిందంటే బ్యాక్‌లాగులున్నట్టే. "మోకాలికి దెబ్బ తగిలింది, అందుకని ఫుట్‌బాల్ ఆడటానికి ఇంకో సీజన్ ఇచ్చారు" అని చెబితే నమ్మరు సరికదా, పరువు కాపాడుకోవడానికి కథ అల్లుతున్నామనుకుంటారు.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం మా ఊళ్ళోనే ఉంది. శుక్రవారం సాయంత్రమైతే ఊరు ఊరంతా హైస్కూల్ స్టేడియంకే. మావాడు చిన్నప్పటి నుంచి ఆడింది సాకర్, అంటే మన దగ్గర ఫుట్‌బాల్ అనేది. హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్‌కి కిక్కర్ (బంతిని కాలితో తన్నడమే పనైన ఆటగాడు) కావాల్సొచ్చి, సాకర్ పిల్లల్లో ఎవరి కాలు బాగుందా అని చూసి వీణ్ణి పట్టుకెళ్ళాడు. ఆ కాలే వీణ్ణి 2021లో వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ జట్టు దాకా తీసుకెళ్ళింది. అయితే స్కాలర్‌షిప్ లేదు. ఇలాంటివాళ్ళని వాక్-ఆన్ అంటారు. ప్రాక్టీసు అందరితో సమానంగా చేయాలి, ఫీజు మాత్రం ఇంట్లోంచే.

2023లో, సీజన్ మూడో ఆటలో, కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెడుతూ బంతిని అవతలి జట్టుకు తన్నడం) కొట్టాక అవతలి ఆటగాడు బంతితో అందర్నీ దాటుకుని వచ్చేశాడు. మధ్యలో మిగిలింది కిక్కర్ ఒక్కడే. వాడికి అడ్డం వెళ్ళబోయి మావాడు ఎడమ కాలు మీద గబుక్కున తిరిగాడు. ఎవరూ తాకనైనా తాకలేదు. కూలబడిపోయాడు. జట్టులో దెబ్బలు చూసే ట్రైనర్ బెంచీ మీద పడుకోబెట్టి, ఒక చేత్తో తొడ పట్టుకుని రెండో చేత్తో పిక్కని ముందుకు లాగి చూసింది. కుడికాలికీ అలాగే చేసి మళ్ళీ ఎడమ కాలు చూసింది. తెగినట్టు అప్పుడే ఆమెకు అర్థమైపోయిందని తర్వాత మావాడు చెప్పాడు. మర్నాడు ఎమ్మారైలో ఏసీఎల్, అంటే మోకాలి లోపలి లిగమెంటు, తెగిందని తేలింది. సర్జరీ, మళ్ళీ నడక నేర్చుకోవడం, తొమ్మిది నెలల పైమాట.

నరసరావుపేటలో మా అమ్మ వీడియో కాల్‌లోనే ఏడ్చేసింది. "ఒరేయ్, ఇంక ఆ ఆట మానెయ్యమనరా వాణ్ణి. కాలు సరిగ్గా ఉంటేనే కదరా రేపు పిల్లనిచ్చేది!" అంది. మావాడి బెంగ వేరే. "నాన్నా, ఈ సీజన్ నాకు లెక్కలోకి రాదు కదా?" అని అడిగాడు. ఆ రోజుకి ఆ ప్రశ్న నాకు బోధపడలేదు.

వాడు అడిగిన లెక్క ఇదీ. కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. అందులో పై స్థాయి అయిన డివిజన్ 1లో అప్పుడున్న నిబంధనల ప్రకారం, కాలేజీలో ఫుల్‌టైమ్ చేరిన దగ్గర్నుంచి ఐదేళ్ళు గడియారం నడుస్తుంది. ఆ ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడుకోవచ్చు. దెబ్బ తగిలి సీజన్ పోతే దాన్ని తిరిగి ఇవ్వమని అడిగే మినహాయింపే హార్డ్‌షిప్ వేవర్, జనం నోట్లో మెడికల్ రెడ్‌షర్ట్. ఇందులో మూడు మెలికలున్నాయి. దెబ్బ సీజన్ మొదటి సగంలోనే తగలాలి. దాంతో ఆ సీజన్ మొత్తానికీ ఆడలేని పరిస్థితి రావాలి. అప్పటికి ఆడినవి 30 శాతం ఆటలకు మించకూడదు. ఫుట్‌బాల్లో 12 ఆటలు కాబట్టి, పైకి సవరించి నాలుగు దాకా పర్లేదు. మావాడిది మూడో ఆట. అదే ఎనిమిదో ఆటలో తెగి ఉంటే, కాలు అదే, నొప్పి అదే, సర్జరీ అదే, సీజన్ మాత్రం గోవిందా. దీన్ని న్యాయం అంటారో లేదో నాకు తెలీదు గానీ, గీత ఎక్కడుందో ముందే రాసిపెట్టారు, అది మెచ్చుకోవాలి.

దరఖాస్తు కాలేజీయే కాన్ఫరెన్స్‌కి, అంటే తను ఆడే కాలేజీల కూటమికి, పంపుతుంది. ఆటల జాబితా, దెబ్బ తగిలిన తేదీ, డాక్టరు ఆ రోజుల్లోనే రాసిన కాగితాలు. తర్వాతెప్పుడో తీరిగ్గా రాయించుకున్న సర్టిఫికెట్టుకి విలువ తక్కువ. ఇక ఆరో ఏడు కావాలంటే కథ పెద్దది. సాధారణంగా తన చేతిలో లేని కారణాలతో ఒకటి కాదు, రెండు సీజన్లు పోయాయని చూపించాలి, అది ఎన్‌సీఏఏ దాకా వెళ్తుంది. కామ్ మెక్‌కార్మిక్ అని ఒకతను 2016లో ఆరిగన్ యూనివర్సిటీలో చేరి, 2018లో కాలు విరిగి, వరసగా సర్జరీలయ్యి, కోవిడ్ ఏడాది కూడా కలిసొచ్చి, 2024లో మయామీ యూనివర్సిటీ తరఫున తొమ్మిదో ఏడు ఆడాడు. మన దగ్గర తొమ్మిదేళ్ళు కాలేజీలో ఉంటే విద్యార్థి సంఘం నాయకుడైనా అయ్యుండాలి!

ఇదంతా అర్థమయ్యాక నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. ఎంసెట్ ముందు వాడికి కామెర్లు వచ్చాయి. కళ్ళు పచ్చగా, పథ్యం కూడు తింటూ, పరీక్ష రోజు మంచం మీదే ఉన్నాడు. మళ్ళీ ఏడాది గుంటూరులో లాంగ్ టర్మ్. జబ్బు చేసిందని ఎవరూ కాగితం అడగలేదు, ఎవరికిచ్చినా ఉపయోగం లేదు. చుట్టాల లెక్కలో వాడిది "ఒక ఏడు పోయింది", అంతే. పెళ్ళిచూపుల్లో కూడా ఆ ఏడు గురించి అడిగారు. పోయిన ఏడాదిని వెనక్కిచ్చే ఆఫీసు ఒకటి ఉండొచ్చన్న ఊహే మనకు లేదు. మా అబ్బాయి మాత్రం అది తన హక్కన్నట్టు అడుగుతున్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లలకీ మనకీ తిండిలో, భాషలో తేడాలున్నాయని అందరూ అంటారు. నాకు కనిపించిన పెద్ద తేడా ఇది.

అలాగని చదువు వెనకబడిందా అంటే, అదీ లేదు. ఐదో ఏడు ఆడాలంటే నాలుగేళ్ళు ముగిసేసరికి డిగ్రీలో 80 శాతం పూర్తయి ఉండాలని రూలు. మూడో ఏటికి 40, నాలుగో ఏటికి 60. బ్యాక్‌లాగులున్నవాడికి ఐదో ఏడు రాదన్నమాట. మావాడు 2025 మే నెలలో డిగ్రీ పట్టా పుచ్చుకున్నాడు. మిగిలిన సీజన్ని ఎంఎస్ చదువుతూ ఆడుకోవచ్చు. ఈ 80 శాతం సంగతి చెప్పాకే మా బావగారు మెత్తబడ్డారు.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. మావాడికి వేవర్ వచ్చింది గానీ, వేవర్ అంటే ఆడే అర్హత, అంతవరకే. జట్టులో చోటిస్తామనిగానీ ఫీజు కడతామనిగానీ అందులో ఎక్కడా ఉండదు. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) సెటిల్‌మెంట్‌ని ఆమోదించారు. అందులో చేరిన కాలేజీలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బులివ్వచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల పరిమితి. దాంతో పాటే ఫుట్‌బాల్లో 85 స్కాలర్‌షిప్పుల హద్దు పోయి, మొత్తం జట్టే 105 మందికి మించకూడదన్న హద్దు వచ్చింది. అంతకుముందు వాక్-ఆన్‌లతో కలిపి 120 మంది పైన ఉన్న జట్లు కొల్లలు. కత్తి ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు. ఆమోదం రాకముందే, ఆ వసంతంలోనే చాలా కాలేజీలు జాబితాలు కోసేశాయి. అలా కోసేసినవాళ్ళని లెక్కలో చూపకుండా మళ్ళీ తీసుకోవచ్చని జడ్జి చివర్లో వెసులుబాటు పెట్టించారు గానీ, తీసుకుని తీరాలని కాలేజీలకేం లేదు. మావాణ్ణి తీసుకోలేదు. మోకాలు నయమైంది, సీజన్ చేతిలో ఉంది, నిలబడే చోటు లేదు.

కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో పేరు పెట్టుకుని, ఆ సెటిల్‌మెంట్‌లో చేరని చిన్న యూనివర్సిటీ ఒకటి వెతుక్కున్నాడు. కొంత స్కాలర్‌షిప్ ఇచ్చారు, మిగతాది మేం కట్టాం. "డాలర్లు పోసి ఆడిస్తున్నావా?" అన్నాడో స్నేహితుడు. ఎంఎస్‌కి ఎలాగూ కట్టేవాళ్ళమే కదా అన్నాను. నిజానికి వాడు ఆడకపోయినా ఆ డబ్బు అయ్యేదే, ఆడకపోతే ఇంకా ఎక్కువయ్యేది.

మీ పిల్లలకు ఇలాంటి దెబ్బ తగిలితే, అమ్మమ్మలకు ఫోన్ చేసేలోపు ట్రైనర్ దగ్గర్నుంచి తేదీతో సహా రిపోర్టు తీసుకోండి. అప్పటికి ఎన్ని ఆటలు ఆడారో రాసిపెట్టుకోండి, ఒక్క ఆటలో కాసేపు దిగినా అది ఆటే. వేవర్ వచ్చాక సంబరం చేసుకునే ముందు, వచ్చే ఏడు జట్టులో చోటుందా, ఫీజెవరు కడతారు అని కోచ్‌ని మీ పిల్లల చేతే ఈమెయిల్లో అడిగించండి. హెచ్-4 (హెచ్-1బీ మీదున్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలైతే ఇంకో గడియారం కూడా చూసుకోవాలి. 21 ఏళ్ళు నిండేలోపు ఎఫ్-1 స్టూడెంట్ వీసాకో మరోదానికో మారాలి, దాన్ని ఆపే వేవర్ ఏ కాన్ఫరెన్స్ దగ్గరా లేదు.