ఈస్ట్‌హామ్ దాకా రాని సైకిళ్లు

లండన్ వీధుల్లో వరసగా నిలబెట్టి ఉండే ఎర్ర సైకిళ్లను చాలామంది ఫొటోల్లోనైనా చూసే ఉంటారు. యాప్‌లోనో, పక్కనున్న మెషీన్‌లో కార్డు పెట్టో ఒకటి తీసుకోవచ్చు. పని అయ్యాక ఇంకో చోట స్టాండులో పెట్టేసి వెళ్లిపోవచ్చు. ఆ స్టాండుని ఇక్కడ డాక్ అంటారు. మొత్తం 800 దాకా డాకులు, 12,000 దాకా సైకిళ్లు ఉన్నాయి. ఎప్పుడైనా ఆ మ్యాప్ తెరిచి తూర్పు వైపు జరుపుతూ చూడండి. వైట్‌చాపెల్, మైల్ ఎండ్, బో వరకు చుక్కలు దట్టంగా కనిపిస్తాయి. లీ నది దగ్గరికి వచ్చేసరికి పలచబడతాయి. స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒలింపిక్ పార్కు చుట్టూ కొన్ని ఉంటాయి. అక్కడితో సరి. మన తెలుగువాళ్లు, తమిళులు, గుజరాతీలు, బంగ్లాదేశీయులు కిక్కిరిసి ఉండే అప్టన్ పార్క్, ఈస్ట్‌హామ్, మనార్ పార్క్ వైపు ఒక్క చుక్క కూడా లేదు.

నేను ఉండేది ఈస్ట్‌హామ్‌లోనే. తెనాలి నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. చదువుకునే రోజుల్లో తెల్లవారుజామున సిటీ ఆఫీసుల్లో క్లీనింగ్ షిఫ్టులు చేశాను. ఇప్పుడు ఒక కేర్ హోమ్‌లో పని, అందులో రాత్రి డ్యూటీలూ ఉంటాయి. ఈ ఊళ్లో మనవాళ్లు చేసే పనులన్నీ దాదాపు ఇలాంటి వేళల్లోవే. రెస్టారెంట్ కిచెన్ మూసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. గోడౌన్ షిఫ్టు తెల్లారకముందే మొదలవుతుంది. మా స్టేషన్ మీదుగా వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్‌కి నైట్ ట్యూబ్, అంటే రాత్రంతా నడిచే మెట్రో, లేదు. శుక్ర, శనివారాల్లో తెల్లవార్లూ తిరిగే సెంట్రల్, జూబిలీ లైన్లు స్ట్రాట్‌ఫర్డ్‌లో దింపుతాయి. అక్కణ్ణుంచి ఈస్ట్‌హామ్ ఐదు కిలోమీటర్ల లోపే. ఎత్తుపల్లాలు లేని దారి, సైకిల్ మీద అరగంట కూడా పట్టదు. ఆల్డ్‌గేట్ నుంచి 115 బస్సు రాత్రంతా నడుస్తుంది, నిజమే. కానీ ఎనిమిది గంటలు నిలబడి పనిచేసినవాళ్లకు చలిలో బస్సు స్టాపులో నిలబడే సమయం చాలా పెద్దదిగా అనిపిస్తుంది.

"సొంతంగా సైకిల్ కొనుక్కోవచ్చు కదా" అని అడిగేవాళ్లున్నారు. అడిగేవాళ్లు సాధారణంగా షెడ్డో, పెరడో ఉన్న ఇళ్లవాళ్లు. మా ఇంట్లో హాలుని కూడా బెడ్‌రూమ్‌గా మార్చి అద్దెకిచ్చారు. గుమ్మం దగ్గర సన్నటి నడవా, అందులో చెప్పులు, కోట్లు, బియ్యం బస్తా. అక్కడ సైకిల్ పెడితే ఇంటి ఓనర్ ఊరుకోడు. ఊరుకున్నా, మనిషి పక్కకి తిరిగి నడవాల్సి వస్తుంది. బయట స్తంభానికి కట్టేస్తే ముందు సీటు పోతుంది, తర్వాత చక్రం, ఆ తర్వాత మొత్తం సైకిలే పోతుంది. మా ఇంట్లో ఉండే నరసరావుపేట తమ్ముడు డెలివరీ పని కోసం సెకండ్ హ్యాండ్ సైకిల్ కొన్నాడు. కొన్ని వారాలకే పోయింది. "అక్కా, తాళం సైకిల్ కంటే ఖరీదైంది కొనాల్సింది" అన్నాడు. పాపం, ఆ నెల అద్దె కోసం ఎన్ని చోట్ల అప్పు అడిగాడో. ఏడాదికోసారి ఇల్లు మారేవాళ్లకు, సైకిల్ పెట్టుకునే చోటు లేనివాళ్లకు, రిపేరుకి డబ్బులు లేనివాళ్లకు కదా పబ్లిక్ సైకిల్ నిజంగా కావాల్సింది. లండన్‌లో సొంత కౌన్సిల్ ఉన్న ఒక్కో ప్రాంతాన్ని బరో అంటారు. మా ఈస్ట్‌హామ్ ఉన్న న్యూహామ్ బరోలో 2011 జనగణన నాటికి సగానికి పైగా ఇళ్లలో కారే లేదు.

ఈ పథకం ఎలా మొదలైందో కొంచెం చెప్పాలి. 2007లో పారిస్‌లో వెలీబ్ సైకిళ్లు వచ్చి పెద్ద హిట్టయ్యాయి. అది చూసి లండన్‌లో కూడా పెట్టాలని అప్పటి మేయర్ కెన్ లివింగ్‌స్టన్ అన్నాడు. తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ హయాంలో 2010 జూలై 30న మొదలైంది, అందుకే ఇప్పటికీ చాలామంది బోరిస్ బైకులనే పిలుస్తారు. మొదట్లో 315 డాకులు, అవన్నీ నగరం నడిబొడ్డునే. దాదాపు 300 మీటర్లకొక డాక్ ఉండేలా ప్లాన్ చేశారు. ఆ దగ్గరితనం ముఖ్యం. ఎక్కిన చోట ఒకటి, దిగే చోట ఒకటి, అది నిండిపోతే పక్కనే ఇంకొకటి ఉండాలి. అలా లేకపోతే ఎవరూ ధైర్యంగా సైకిల్ తియ్యరు. కాబట్టి ఒక చోట మొదలుపెట్టి చిక్కగా వేసుకుంటూ రావడంలో తప్పు లేదు. ఎక్కడ మొదలుపెట్టారు, ఏ వైపు సాగదీశారు, ఎక్కడ ఆపేశారు అన్నదే నా బాధ.

ఇందులో నన్ను బాగా కుదిపిన విషయం ఒకటుంది. అదే 2010 జూలైలో, సైకిళ్లు రావడానికి కొద్ది రోజుల ముందు, తూర్పున బార్కింగ్ నుంచి సిటీ అంచున టవర్ గేట్‌వే దాకా సైకిల్ సూపర్‌హైవే 3 అనే సైకిల్ దారి ప్రారంభించారు. ఆ నీలిరంగు దారి మా న్యూహామ్ మధ్యలోంచి పోతుంది. అప్పట్లో దారికీ సైకిళ్లకీ ఒకే బ్యాంకు స్పాన్సర్. అంటే తూర్పు వైపు నుంచి జనం సైకిల్ మీద పనికి వస్తారని పథకం నడిపేవాళ్లకు తెలుసు. సైకిల్ ఉన్నవాళ్ల కోసం రంగు పూశారు, లేనివాళ్ల కోసం డాక్ మాత్రం పెట్టలేదు.

2012 మార్చిలో, ఒలింపిక్స్ ముందు, తూర్పున టవర్ హామ్లెట్స్ బరోకి విస్తరించారు. ఇది మెచ్చుకోవాల్సిన పనే. అది దేశంలోనే బాగా పేద బరోల్లో ఒకటి. అయితే అక్కడ కానరీ వార్ఫ్ బ్యాంకు టవర్లు లేకపోయి ఉంటే అంత తొందరగా వెళ్లేవాళ్లా అని నాకు అనుమానం. తర్వాతి ఏడాది డిసెంబర్‌లో నైరుతి వైపు వాండ్స్‌వర్త్, ఫుల్‌హమ్ దాకా వెళ్లారు. విస్తరణ ఖర్చులో కొంత బరో కౌన్సిళ్లు పెట్టుకోవాలన్నారు. ఈ షరతు వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఖజానా ఖాళీగా ఉన్న కౌన్సిల్, ఇళ్లు లేనివాళ్లకు గూడు చూపించడానికే అవస్థపడే కౌన్సిల్, సైకిళ్లకు డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తుంది? డబ్బున్న చోటికే డాక్ వెళ్తుంది. డబ్బు లేని చోటికి వెళ్లకపోవడానికి "వాళ్ల కౌన్సిల్ ముందుకు రాలేదు" అనే కారణం సిద్ధంగా ఉంటుంది. లండన్ మేయర్ కోసం కౌన్సిల్ టాక్స్‌లో, అంటే ఇంటి పన్నులో, వసూలు చేసే వాటా మాత్రం ఈస్ట్‌హామ్ ఇళ్ల నుంచీ వెళ్తూనే ఉంది.

ఇక అందరూ చెప్పే మాట, పేదవాళ్లు ఈ సైకిళ్లు వాడరు, డాక్ పెట్టినా ఖాళీగా పడి ఉంటుంది అని. దీనికి జవాబు లండన్ లెక్కల్లోనే ఉంది. అన్నా గుడ్‌మన్, జేమ్స్ చెషైర్ అనే పరిశోధకులు పథకం మొదటి మూడేళ్ల సవారీలన్నీ పరిశీలించారు. ఆదాయం బాగా తక్కువున్న ప్రాంతాల సభ్యులు చేసిన సవారీలు మొత్తంలో 6 శాతం నుంచి 12 శాతానికి, అంటే రెట్టింపుకి పెరిగాయి. 2012లో తూర్పుకి విస్తరించడం ఒక కారణం. పాత డాకులున్న చోటే ఉంటున్న పేదవాళ్లు కూడా ఏడాదికేడాది ఎక్కువగా వాడటం ఇంకో కారణం. అంతకుముందు గుడ్‌మన్ మరొకరితో కలిసి చేసిన పరిశీలనలో తేలింది ఇంకా సూటిగా ఉంది. పేద ప్రాంతాల వాళ్ల ఇళ్లకు దగ్గర్లో డాక్ ఉండే అవకాశం తక్కువ. ఆ దూరం తేడాని పక్కన పెట్టి లెక్క చూస్తే, సభ్యులైన వాళ్లలో పేద ప్రాంతాల వాళ్లే ఎక్కువ సవారీలు చేస్తున్నారు.

నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మా చెల్లి హైస్కూల్లో ఉండగా ప్రభుత్వం బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. పొరుగూరి నుంచి నడిచి వచ్చే పిల్లలు ఆ సైకిళ్లని ఎంత అరగదీశారో కళ్లారా చూశాను. ఈ ఊళ్లో పిల్లలకు సైకిల్ తొక్కే అలవాటు ఉందా లేదా అని ముందు సర్వే చేసి ఇవ్వలేదు. బడి దూరంగా ఉంది, పిల్లకి సైకిల్ లేదు, ఇచ్చారు. డాక్ లేని చోట సవారీల సంఖ్య ఎప్పుడూ సున్నాయే. ఆ సున్నాని చూపించి డాక్ అక్కర్లేదంటే ఇక మాట్లాడేదేముంది?

ధర గురించి కూడా చెప్పాలి. 2010లో రోజు పాసు ఒక పౌండు, ఏడాదికి 45 పౌండ్లు. 2013 జనవరిలో రెండూ రెట్టింపయ్యాయి. డాక్ దగ్గర ఉన్నంత మాత్రాన సరిపోదు, తీసుకునే స్తోమత కూడా ఉండాలి. పైగా బ్యాంకు కార్డు ఉండాలి. కొత్తగా దిగిన స్టూడెంటుకి ఇక్కడ అకౌంటు తెరుచుకోవడానికే వారాలు పట్టొచ్చు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 2015లో ఇండిగో పేరుతో సైకిళ్లు పెట్టినప్పుడు మొదటి నుంచే తక్కువ ఆదాయం ఉన్న పేటల్లో కూడా స్టేషన్లు వేసింది, కార్డు లేనివాళ్లు నగదు కట్టే ఏర్పాటూ చేసింది. న్యూయార్క్ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ 2013లో ప్రభుత్వ సొమ్ము పెట్టకుండా బ్యాంకు స్పాన్సర్‌షిప్‌తో మొదలుపెట్టారు. మాన్‌హట్టన్ దక్షిణ భాగం, బ్రూక్లిన్‌లో కొంత భాగం మాత్రమే తీసుకున్నారు. పేదవాళ్లు ఎక్కువగా ఉండే బ్రాంక్స్‌కి సైకిల్ చేరడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

లండన్‌కి ఉన్న అసలు ఇబ్బందిని కూడా కాదనను. ఇక్కడి డాకులకు నేల తవ్వాలి, కరెంటు లాగాలి, బరో నుంచి ప్లానింగ్ అనుమతి తేవాలి. న్యూయార్క్ స్టేషన్లు సోలార్‌తో నడుస్తాయి, రోడ్డు మీద పెట్టేసి, బాగోలేకపోతే ఎత్తి ఇంకోచోట పెట్టుకోవచ్చు. లండన్‌లో ఒకసారి వేస్తే మార్చడం కష్టం. కాబట్టి తప్పు చోట వెయ్యడానికి భయపడతారు. కానీ ఆ భయం ఎప్పుడూ ఒక వైపు వాళ్లకే అడ్డం పడటం న్యాయంగా లేదు.

హైదరాబాద్ సంగతి తలుచుకున్నా ఇదే గుర్తొస్తుంది. 2017లో మెట్రో మొదలైనప్పుడు స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు. మెట్రో దిగి ఇంటికెళ్లడానికి మంచి ఆలోచనే. కానీ జేబీఎస్ బస్ స్టేషన్ నుంచి వచ్చే మెట్రో గ్రీన్ లైన్ 2020లో మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ బస్ స్టేషన్ దగ్గరే ఆగిపోయింది, పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ముక్క అప్పుడు వెయ్యలేదు. సైకిల్‌ని మెట్రోకి కట్టేస్తే, మెట్రో రాని పాతబస్తీకి సైకిలూ రాదు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. వారాంతాల్లో వ్యాయామానికి వెళ్లేవాళ్లకు బాగుంటుంది. పాతబస్తీలో మదీనా సెంటర్ దగ్గర సైకిల్ మీద సరుకు మోసుకెళ్లే మనిషికి ఎండ తగలకుండా కప్పు వేద్దామని మాత్రం ఎవరికీ తట్టలేదు.

మళ్లీ మా ఊరికొస్తే, ఇక్కడ దారి కూడా కొత్తగా వెయ్యక్కర్లేదు. విక్టోరియన్ కాలపు మురుగు పైపుల గట్టు మీద గ్రీన్‌వే ఉంది. ఒలింపిక్ పార్కు దగ్గర్నుంచి ప్లాస్టో, ఈస్ట్‌హామ్ మీదుగా బెక్టన్ దాకా కార్లు లేని దారి. పగలు హాయిగా వెళ్లొచ్చు. రాత్రిపూట ఒంటరిగా నేను మాత్రం ఆ గట్టు ఎక్కను. అందుకే డాకులు గ్రీన్‌వే మీద ఒక్కదాని మీదే ఆధారపడితే ఆడవాళ్లకు పనికిరాదు. దుకాణాల వెలుతురు ఉన్న రోమ్‌ఫర్డ్ రోడ్డు మీద, బార్కింగ్ రోడ్డు మీద కూడా ఉండాలి. ఎక్కడో ఒకటి పడేస్తే అది నిజంగానే ఖాళీగా ఉంటుంది, తర్వాత దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి ఈస్ట్‌హామ్ దాకా గొలుసులా వెయ్యాలి.

ఇవన్నీ మా వార్డు కౌన్సిలర్‌కి రాశాను. ఈస్ట్‌హామ్ స్టేషన్ ముందు, హై స్ట్రీట్ సౌత్‌లో గ్రీన్‌వే ఎక్కే చోట, న్యూహామ్ ఆసుపత్రి గేటు దగ్గర, అప్టన్ పార్క్ స్టేషన్ పక్కన, ఫారెస్ట్ గేట్‌లో డాకులు కావాలని అడిగాను. ఇక్కడున్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. కామన్వెల్త్ పౌరులం కాబట్టి, భారత పాస్‌పోర్టుతో స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే, ఇక్కడ మనకు ఓటుంది. కౌన్సిల్ ఎన్నికల్లోనూ, మేయర్ ఎన్నికల్లోనూ వెయ్యొచ్చు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మా ఇంట్లో అందరి చేతా చేయించాను. మీరు ఉండే వీధిలో డాక్ ఎక్కడ పెడితే బాగుంటుందో, ఏ షిఫ్టుకి ఎన్ని గంటలకి బయల్దేరతారో కింద రాయండి. అన్నీ కలిపి కౌన్సిలర్‌కి ఇంకో ఉత్తరం పంపుతాను.